నా ఏడేళ్ల కూతురు నాకు కాపలా కాస్తోంది: ఆమెను ఆ డ్యూటీ నుంచి ఎలా దింపాలి?

గోపాలపట్నం నాన్న
డిసెంబరు 2, రాత్రి 11.40

సభ్యులందరికీ నమస్కారం. పదాతిదళంలో 17 ఏళ్లు పనిచేసి, హవల్దారుగా పింఛనుకు వచ్చి రెండేళ్లయింది. ఆ సర్వీసులో రెండు విడతలు రాష్ట్రీయ రైఫిల్స్‌లో, కశ్మీరులో ఉన్నాను. ఇప్పుడు విశాఖపట్నంలోని గోపాలపట్నంలో అమ్మ, భార్య, ఏడేళ్ల కూతురితో ఉంటూ, ఒక ప్రైవేటు సంస్థలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేస్తున్నాను. బంధువుల్లో ఎవరికీ చెప్పుకోలేని విషయం కనుక ఇక్కడ రాస్తున్నాను.

దీపావళి సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని ప్రమిదల్లో నూనె పోస్తున్నాను. పక్కింటి పిల్లవాడు రీలు తుపాకీ పట్టుకుని నా వెనుక నుంచి వచ్చి వరసగా నాలుగుసార్లు పేల్చాడు. ఆ తరువాత ఏం చేశానో నాకు తెలియదు. తెలివిలోకి వచ్చేసరికి పాపను గోడ మూలకు లాగి, మీద కప్పినట్టుగా పడి ఉన్నాను. తన మణికట్టు నా పిడికిలిలో ఉంది. పండగకని వాళ్ల అమ్మమ్మ తొడిగిన ఎర్ర మట్టిగాజులు పగిలి, ఒక ముక్క చర్మంలో దిగి, నెత్తురు నా వేళ్ల మధ్య నుంచి కారుతోంది. పాప ఏడవలేదు. "నాన్నా, అది ఉత్త రీలు తుపాకీయే" అని, నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు, చాలా నెమ్మదిగా చెప్పింది.

గాయం వారంలో మానింది. పాప మాత్రం మారిపోయింది. కుక్కరు పొయ్యి మీద పెట్టగానే పరుగెత్తుకు వచ్చి, "నాన్నా, మూడు కూతలు వస్తాయి" అని ముందే చెబుతుంది. బడి నుంచి రాగానే క్యారేజీని చప్పుడు కాకుండా తువ్వాలు మీద పెడుతుంది. నేవీ డే ముందర బీచ్ రోడ్డు మీద రిహార్సల్స్ జరుగుతాయి కదా, ఆ విమానాలు ఏ రోజు వస్తాయో బడిలో టీచరమ్మను అడిగి తెలుసుకుని నాకు చెప్పింది. మొన్న మా అమ్మ బియ్యం డబ్బాలో సోల ముంచితే అడుగు నుంచి రీళ్ల పెట్టెలు ఆరు బయటపడ్డాయి. పక్కింటి పిల్లవాడిని బతిమాలి తెచ్చి, నాకు వినబడకూడదని పాప అక్కడ దాచిందట.

సైన్యంలో సెంట్రీ డ్యూటీ వేస్తే, వేళకు ఇంకొకడు వచ్చి రిలీవ్ చేస్తాడు. మా ఇంట్లో నా కూతురు నెల రోజులుగా రిలీవ్ లేకుండా కాపలా కాస్తోంది. కాస్తున్నది శత్రువును కాదు, నన్ను. నేను రాత్రికి మూడు గంటలకు మించి నిద్రపోను, ఆ మూడు గంటలైనా సైనిక క్యాంటీనులో కొన్న మద్యం సీసా లేనిదే రావు. ఇంతవరకు ఏ వైద్యుడి దగ్గరకూ వెళ్లలేదు. పాపను ఆ డ్యూటీ నుంచి దింపడం ఎలాగో అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాత ఫిరంగి
డిసెంబరు 3, ఉదయం 5.15

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను ఫిరంగిదళం వాణ్ణి. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దగ్గర బోఫోర్స్ తోపుల మీద పనిచేశాను. 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కొక్కటి 40 కిలోల పైమాటే. జూన్ 13న తోలోలింగ్ శిఖరం మనవాళ్ల చేతికి వచ్చే ముందు రాత్రుళ్లు ఆ గుండ్లు ఎత్తి ఎత్తి చేతులు మొద్దుబారి, అన్నం ముద్ద నోటిదాకా వెళ్లేది కాదు. ఎడమ చెవి అక్కడే పోయింది. యుద్ధం జులై 26న ముగిసిందన్నారు. సెలవు మీద భీమిలి వచ్చినప్పుడు ఊరంతా కలిసి దండలు వేసింది కానీ, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగినవారు ఒక్కరూ లేరు. అడిగినా నేను చెప్పి ఉండేవాణ్ణి కాదు.

నాకు ఒక్కడే కొడుకు. ఇంటిని బ్యారక్కులాగా నడిపాను. చెప్పులు వరస తప్పితే, పుస్తకం మంచం మీద ఉంటే, అయిదు నిమిషాలు ఆలస్యంగా వస్తే నా గొంతు వీధి చివరి దాకా వినబడేది. క్రమశిక్షణ నేర్పుతున్నాననుకున్నాను. నిజానికి ఇంట్లో ఏ వస్తువు కదిలినా నా గుండె దడదడలాడేది కనుక, ఏదీ కదలకుండా చూసుకున్నాను. ఆ తేడా నాకు 52వ ఏట, ఒక డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. అప్పటికి మా వాడు పుణెలో ఉద్యోగంలో ఉన్నాడు. ఈనాటికీ ఫోను చేస్తే "నాన్న ఇంట్లో ఉన్నారా?" అని వాళ్లమ్మను ముందు అడుగుతాడు. ఉన్నానంటే మాట తగ్గిస్తాడు.

మీ పాప ఇంకా మీ దగ్గరకు వచ్చి "మూడు కూతలు వస్తాయి" అని చెబుతోంది. మా వాడు అలా చెప్పడం ఏ వయసులో మానేశాడో నాకు గుర్తు కూడా లేదు. ఆలస్యం చేయకండి. మీరు సరేనంటే మాజీ సైనికుల పాలీక్లినిక్‌కు నేను తోడు వస్తాను.

అప్పన్న భక్తుడు
డిసెంబరు 3, ఉదయం 9.02

సోదరుడి బాధ అర్థమైంది. అయినా నా మనసులో మాట చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. మా పెదనాన్న 1971 యుద్ధం చూసి వచ్చి, పొలం దున్నుకుని, నలుగురు పిల్లలను పెంచారు. ఏ మందూ వాడలేదు. మానసిక వైద్యం అంటూ ఒకసారి కాగితం మీదకు ఎక్కితే ఉద్యోగంలో ఇబ్బంది, రేపు ఆడపిల్లకు సంబంధాల దగ్గర ఇబ్బంది. సింహాచలం కొండెక్కి స్వామి దగ్గర మొర పెట్టుకోండి, ఉదయం నడక పెట్టుకోండి. పిల్లలు పెద్దవుతూ అన్నీ మరిచిపోతారు.

మల్కాపురం ఆడపడుచు
డిసెంబరు 3, మధ్యాహ్నం 2.30

అన్నయ్యగారూ, పిల్లలు మరిచిపోరు. నేను అలాంటి పిల్లనే కనుక చెబుతున్నాను.

మా నాన్నగారు 1987లో భారత శాంతి పరిరక్షక దళంతో శ్రీలంక వెళ్లి, రెండేళ్లకు తిరిగి వచ్చారు. అప్పటికి నాకు ఆరేళ్లు. అక్కడ దారుల్లో మందుపాతరలు పూడ్చి ఉండేవి. అందుకని మల్కాపురంలో కుళాయి గొట్టాల కోసం రోడ్డు తవ్వి కప్పెడితే, ఆ కొత్త మట్టి మీద అడుగు వేయలేక నాన్న నన్ను చంకనెత్తుకుని ఊరంతా చుట్టు తిరిగి బడికి తీసుకువెళ్లేవారు. కొన్నాళ్లకు నేనే ముందు పరుగెత్తి, ఏ వీధిలో తవ్వారో చూసి వచ్చి, "నాన్నా, ఇటు వెళదాం" అనేదాన్ని. నన్ను ఎవరూ అడగలేదు. మీ పాపను కూడా ఎవరూ అడిగి ఉండరు.

ఇంకో సంగతి ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు. ఆయన వచ్చిన కొత్తలో నేను ఇత్తడి చెంబు జారవిడిచాను. ఆయన పెట్టిన కేకకు వాకిట్లో ముగ్గు వేస్తున్న మా అమ్మ ముగ్గు గిన్నె వదిలేసింది. ఆ చెంబు వల్లే మా నాన్న ఇలా అయిపోయారని నేను పదహారేళ్ల వయసు దాకా నమ్మాను. వేరే కారణం నాకు ఎవరూ చెప్పకపోతే, నాకు కనబడిన కారణం అదొక్కటే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజున మా ఇంటి కిటికీలు పగిలిపోతుంటే అందరికంటే నిబ్బరంగా ఉన్నది ఆయనే. పక్కవాళ్లను మా ఇంట్లోకి తెచ్చి, తలుపులకు మంచాలు అడ్డుపెట్టి, రాత్రంతా నిలబడ్డారు. కరెంటు లేని మూడో రాత్రి, గాలి పూర్తిగా ఆగాక, నిశ్శబ్దంలో వణకడం మొదలుపెట్టారు. ఆ చీకట్లో నాతో మొదటిసారిగా తన యూనిట్‌లోని ఒక కుర్రవాడి గురించి చెప్పారు. పాతికేళ్లు మోసిన మాట అది. ఆ మాటలో సగమైనా, నా వయసుకు తగినంతగా, నాకు ఆరేళ్లప్పుడే చెప్పి ఉంటే బాగుండేది.

నిదానం
డిసెంబరు 3, రాత్రి 10.20

నేను మానసిక వైద్యురాలిని. నగరంలోనే పనిచేస్తాను. ఇక్కడ రాసేది వైద్య పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు కానీ, గోపాలపట్నం నాన్నగారు రేపు ఆస్పత్రి గడప ఎక్కడానికి ధైర్యం ఇస్తుందని రాస్తున్నాను.

ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని సిద్ధం చేసే వ్యవస్థ మన మెదడులో ఉంది. అందులో ముఖ్యమైన భాగాన్ని అమిగ్డలా అంటాం. అది ఆలోచన కంటే ముందు పనిచేస్తుంది, అలా పనిచేయడం వల్లనే సైనికుడు బతికి తిరిగి వస్తాడు. మామూలు జ్ఞాపకానికి "ఇది ఫలానా చోట, ఫలానా రోజున జరిగింది, అయిపోయింది" అనే గుర్తు పడుతుంది. ప్రాణాపాయంలో పడిన జ్ఞాపకాలకు ఆ గుర్తు సరిగా పడకపోవడం వల్ల, అరుగు మీద పేలిన రీలు కశ్మీరులో పేలినట్టే ఒంటికి అనిపిస్తుంది. కనుక ఆ సాయంత్రం మీరు పాపను కొట్టబోలేదు, కాపాడబోయారు. గాయం మాత్రం నిజం, దాన్ని పాపతో ఒప్పుకోవాలి.

భక్తుడుగారికి ఒక మాట. ఇది ఈ తరం సుకుమారం కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915లోనే చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు లాన్సెట్ వైద్య పత్రికలో 'షెల్ షాక్' పేరుతో ఇలాంటి సైనికుల గురించి రాశారు. ఇప్పుడు మనం పీటీఎస్‌డీ (దారుణమైన అనుభవం తరువాత మిగిలే మానసిక రుగ్మత) అంటున్న పేరు 1980లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో చేరింది. మీ పెదనాన్నగారు పొలం దున్నుకున్నారన్నది నిజమే. ఆయన రాత్రుళ్లు ఎలా గడిచాయో మీ పెద్దమ్మగారికి తెలిసి ఉంటుంది.

వైద్యం సంగతి. జ్ఞాపకాన్ని భద్రమైన చోట, శిక్షణ ఉన్నవారి ఎదుట, మళ్లీ మళ్లీ చెప్పించి, తప్పించుకు తిరుగుతున్న చోట్లకు మెట్లు మెట్లుగా తీసుకువెళ్లే పద్ధతి ఒకటి ఉంది. అది సాధారణంగా 8 నుంచి 15 సార్లు కూర్చోవలసిన పని. 'నా తప్పు వల్లే వాడు పోయాడు' వంటి నమ్మకాలను విప్పి చూసే పద్ధతి మరొకటి, కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్ ఇంకొకటి. సెర్‌ట్రలిన్ వంటి మందులు కూడా పనిచేస్తాయి, కానీ వాటి గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే 'ఏమీ లేదు' అని మానేసేవారిని నేను చాలామందిని చూస్తాను.

మందు సీసా గురించి దాచకుండా చెప్పండి. మద్యం నిద్ర పట్టిస్తుంది, తరువాత అర్ధరాత్రి దాటాక ఆ నిద్రనే చెడగొట్టి పీడకలలను పెంచుతుంది. అలాగని రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు కూడా రావచ్చు, కనుక వైద్యుడికి చెప్పి తగ్గించుకోవాలి. మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ పథకం 2003 నుంచి ఉంది, పాలీక్లినిక్ నుంచి రెఫరల్ తీసుకోవచ్చు. చిన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఉద్యోగ భయానికి జవాబు చట్టంలోనే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షను రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. చట్టం పేర్కొన్న కొద్ది సందర్భాల్లో తప్ప, మీ అనుమతి లేకుండా వైద్యశాల మీ వివరాలు యజమానికి ఇవ్వకూడదు.

కంచరపాలెం కోడలు
డిసెంబరు 4, ఉదయం 6.50

డాక్టరుగారూ, మా వారు కూడా ఆర్మీ నుంచే వచ్చారు. నిద్రలో కేకలు పెడుతున్నప్పుడు భుజం పట్టి లేపితే ఒకసారి నా మెడ పట్టుకున్నారు, తెల్లారాక తెలిసి కుమిలిపోయారు. ఎలా లేపాలి?

నిదానం
డిసెంబరు 4, ఉదయం 7.30

తాకవద్దమ్మా. దీపం వేసి, మంచానికి దూరంగా, కాళ్ల వైపు నిలబడి, పేరు పెట్టి పిలవండి. "మీరు ఇంట్లో ఉన్నారు, కంచరపాలెంలో ఉన్నారు, నేను పక్కనే ఉన్నాను" అని మామూలు గొంతుతో చెబుతూ ఉండండి. ఆయన్ను లేపమని పిల్లలను పంపకండి. ఆయన్ను కూడా వైద్యానికి తీసుకురండి.

మర్రిపాలెం టీచరు
డిసెంబరు 4, సాయంత్రం 5.10

నేను ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు 22 ఏళ్లుగా చెబుతున్నాను. ఆ వయసు పిల్లలు పెద్దవాళ్ల కోపాన్ని, దుఃఖాన్ని తమ వల్లే వచ్చిందనుకుంటారు. చెంబు సంగతి చదివి నాకు దుఃఖం ఆగలేదు. అందుకని మొదట పాపకు కారణం చెప్పండి. యుద్ధం వివరాలు అక్కర్లేదు. "నాన్న పనిచేసిన చోట పెద్ద చప్పుళ్లు వస్తే ప్రమాదం ఉండేది. నాన్న ఒళ్లు ఆ అలవాటు ఇంకా మరిచిపోలేదు. మరిచిపోవడానికి డాక్టరు దగ్గరకు వెళుతున్నాను. ఇది నీ వల్ల రాలేదు, తగ్గించే పని కూడా నీది కాదు" అంటే చాలు. ఆఖరి మాట తప్పకుండా అనండి. మా పిల్లల్లో మొదటి మాటలు మాత్రమే విని, తగ్గించే పని తమదే అనుకునేవాళ్లే ఎక్కువ.

పాత ఫిరంగి
డిసెంబరు 4, రాత్రి 8.00

టీచరుగారి మాటకు నాదొక చేర్పు. తమ్ముడూ, మీరు సెంట్రీ అన్నారు కదా. సెంట్రీని "పోయి పడుకో" అంటే పోడు. చార్జి తీసుకునేవాడు ఎదుట నిలబడి తీసుకోవాలి. పాపకు కూడా అలాగే చేయండి.

గోపాలపట్నం నాన్న
డిసెంబరు 19, రాత్రి 9.45

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పెద్దాయన భీమిలి నుంచి బస్సెక్కి వచ్చి నాతో పాలీక్లినిక్‌లో మూడు గంటలు కూర్చున్నారు. రెఫరల్ వచ్చింది. డాక్టరుగారు మందు రాసి, ప్రతి గురువారం రమ్మన్నారు. మద్యం ఆయన చెప్పిన లెక్కన తగ్గిస్తున్నాను.

మొన్న ఆదివారం సాయంత్రం అరుగు మీద పాపకు టీచరుగారు చెప్పిన మాటలు చెప్పాను. మణికట్టు మీద మచ్చ చూపించి, "ఇది నేను చేశాను, తప్పు నాది" అన్నాను. తరువాత లేచి అటెన్షన్‌లో నిలబడి, "ఇంటి కాపలా డ్యూటీ ఇప్పటినుంచి నాది. చార్జి ఇవ్వండి" అని సెల్యూట్ చేశాను. పాప లోపలికి వెళ్లి, బియ్యం డబ్బాలోని రీళ్ల పెట్టెలను మా అమ్మ ఏ షెల్ఫులో పెట్టిందో వెతికి, ఆరూ తెచ్చి నా చేతిలో పెట్టింది. కాసేపు ఆలోచించి "రాత్రి కూడానా?" అని అడిగింది.

నేను పీడకలలతో లేచినప్పుడల్లా తను మెలకువగానే ఉంటోందని నాకు ఆ క్షణంలో తెలిసింది. "రాత్రి కూడా" అన్నాను. లోపలికి వెళ్లి స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

నిదానం
డిసెంబరు 20, ఉదయం 7.15

చాలా మంచి పని చేశారు. అయితే పాప వెంటనే దిగిపోతుందని ఆశించకండి. కుక్కరు సంగతి మళ్లీ చెబుతుంది. చెప్పినప్పుడల్లా విసుగు లేకుండా "డ్యూటీలో నేనున్నాను" అనండి. ఆ మాట నిజమని కొన్ని నెలల పాటు తన కళ్లతో చూస్తేనే నమ్ముతుంది.

గోపాలపట్నం నాన్న
ఫిబ్రవరి 21

డాక్టరుగారు చెప్పినట్టే అయింది. కుక్కరు సంగతి చెప్పడం నెలన్నర దాకా ఆగలేదు. మధ్యలో నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఎన్ఏడీ కూడలి దగ్గర మా బంధువుల పెళ్లి ఊరేగింపులో వెయ్యి వాలాల టపాసు కాలిస్తే, పెళ్లికొడుకు మేనమామ చొక్కా పట్టుకున్నాను. అందరూ చూశారు. ఇంటికి వచ్చాక సీసా కోసం చేయి వెళ్లింది, 14416కు ఫోను చేశాను. తెల్లారాక పాపతో "నిన్న నాకు ఆ అలవాటు వచ్చింది, గురువారం డాక్టరుగారికి చెబుతాను" అన్నాను. తను తల ఊపి, జడ వేయమని రిబ్బన్లు తెచ్చింది. జడ వేయడం నాకు ఇప్పుడిప్పుడే వస్తోంది, ఎడమ జడ ఎప్పుడూ వదులవుతుంది.

ఆరో వారంలో, నేను ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పని ఆ ఉదయం గురించి చెప్పగలిగాను. అది ఇక్కడ రాయను.

పాత ఫిరంగి
ఫిబ్రవరి 22

సంతోషం తమ్ముడూ. మిమ్మల్ని చూసి నేను కూడా మా వాడికి ఉత్తరం రాశాను. ఫోనులో అయితే నేను మళ్లీ ఆర్డరు వేసినట్టు మాట్లాడతానని భయం. చెప్పుల వరస గురించి, నా గుండె దడ గురించి రాశాను. పోస్టు చేసి పదకొండు రోజులైంది. ఇంకా జవాబు రాలేదు.

గోపాలపట్నం నాన్న
జులై 28

జనసమ్మర్దం నాకు టపాసుల కంటే కష్టం. వైద్యంలో భాగంగా మెట్లు వేసుకున్నాం. మొదట తెల్లవారుజామున ఖాళీ బీచ్ రోడ్డు, తరువాత పూర్ణా మార్కెట్ అంచున పది నిమిషాలు, ఆ తరువాత మార్కెట్ లోపల అరగంట. ఆఖరి మెట్టుగా సింహాచలం గిరిప్రదక్షిణ పెట్టుకున్నాం. 32 కిలోమీటర్లు నడవలేదు. ప్రదక్షిణ దారి మా గోపాలపట్నం మీదుగానే వెళుతుంది కనుక, వీధివాళ్లతో కలిసి రోడ్డు పక్కన మజ్జిగ పంచాం. భక్తుడుగారూ, మీరు చెప్పిన స్వామి పని కూడా అయింది, గురువారాలు కూడా మానలేదు.

రాత్రి తొమ్మిది దాటాక జనం వంతెన దిగి ఏరులా వచ్చారు. నేను బిందెలోంచి గ్లాసుల్లో పోసి ఇస్తే పాప అందిస్తోంది. నా వీపు వెనుక గోడ ఉండేలా బల్ల వేసుకున్నాను, ఆ మాత్రం ఇంకా కావాలి. ఉన్నట్టుండి ఎవరిదో చేయి తగిలి స్టీలు బిందె మూత సిమెంటు గట్టు మీద పడింది. ఒళ్లంతా జలదరించి చేతిలో గ్లాసు వొలికింది. పాప నా ముఖంలోకి చూసింది. నేను కాళ్లు నేలకు ఆన్చి, గోడ తాకి, ఊపిరి వదిలి "డ్యూటీలో ఉన్నాను" అన్నాను. అప్పటికే పాప అటు తిరిగిపోయి, "ఇంకో గ్లాసు ఇవ్వు నాన్నా, తాతగారు వెళ్లిపోతున్నారు" అంటోంది.

కంచరపాలెం కోడలు
జులై 29

అన్నయ్యగారూ, మీరు రాసింది మా వారికి చదివి వినిపించాను. ఒక్కరే వెళ్లడానికి మొహమాటపడుతున్నారు. మీరు పాలీక్లినిక్‌కు మళ్లీ ఎప్పుడు వెళతారు?

గోపాలపట్నం నాన్న
జులై 29

సోమవారం ఉదయం 8 గంటలకు గేటు దగ్గర ఉంటాను. ఈసీహెచ్ఎస్ కార్డు, డిశ్చార్జి బుక్కు తెచ్చుకోమనండి. పెద్దాయన కూడా వస్తున్నారు.